కాస్త జరగండి, గేదెగారూ

మా బిడ్డ కాలేజీకెల్లి వచ్చి, బ్యాగు మంచం మీద ఇసిరికొట్టి, అండ్లకెల్లి ఒక పుస్తకం తీసింది. నేను కొట్టంల బర్రెలకు దాణా కలుపుతున్న. "అమ్మా, గిది చూడు. బొమ్మల నవల. మన గౌలిపుర గురించేనట, కొనుకొచ్చిన" అని అట్ట నా మొఖం ముందల పెట్టింది. నేను పుస్తకాలు చదివే మనిషిని గాదు. ఊకె ఒక చూపు చూసిన. చూసి దాణా గంప కింద పడేసిన.

అట్ట మీద మా దున్నపోతు ఉంది!

ఏదో ఒక దున్నపోతు అనుకునేరు. మాదే. దాని ఎడమ చెవి కొస తెగి ఉంటది, చిన్నప్పుడు కుక్క కొరికింది. అది సచ్చిపోయి మస్తు ఏండ్లయింది. ఆ తెగిన చెవి సంగతి మా ఇంటోళ్లకు, మా గల్లీకి తప్ప లోకంల ఎవరికి ఎరుక?

"ఎవరే గీసింది?" అన్న.

"ఎవరో రైటర్ అమ్మా. జర్మనీల ఉంటదట. ఆ భాషలనే రాస్తదట. ఇప్పుడు తెలుగుల వచ్చింది."

వెనక అట్ట మీద ఫొటో ఉంది. నెరిసిన జుట్టు, మెడకు ఉన్ని గుడ్డ, మూతి బిగబట్టుకున్నది. కని ఒక కన్ను సగం మూసింది. ఆ కన్ను చూసినంక నాకు ఇంకేం కావాలె? "ఓయమ్మో! ఇది మా పైనింటి పిల్ల!" అని గట్టిగ అరిచిన. బర్రెలు బెదిరి తాళ్లు గుంజినయి.

పుస్తకం మీద దానికి ఏదో పెద్ద పేరు ఉంది, నేను చెప్ప. మా గల్లీల దాన్ని ఎవ్వరు పేరు వెట్టి పిలువలే. పైనింటి పిల్ల, అంతే.

వాళ్లు కాకినాడ దిక్కుకెల్లి వచ్చిండ్రు. నాయన సర్కారు ఆఫీసుల గుమాస్తా, తల్లి నర్సు. మా మేడ మీద ఒక అర్ర కిరాయికి తీసుకున్నరు. వచ్చిన తెల్లారే ఆ పిల్ల బిందె వట్టుకొని మెట్లు దిగింది. మెట్ల కింద మా పెద్ద బర్రె అడ్డంగ పండుకుంది. మేమైతే తోక మెలివెడ్తం, లేకుంటె "హై, లే!" అని మోకాలుతోని పొడుస్తం. ఈ పిల్ల నిలబడ్డది. గొంతు సవరించుకున్నది. రెండు జడలు ఎనకకు ఏసుకొని, "కాస్త జరగండి, గేదెగారూ" అన్నది.

ఇగ జూడు, గల్లీ గల్లీ అంత పడి పడి నవ్వింది. ఎదురుంగ కిరాణం షాపు చాచా తరాజు కింద వెట్టి పొట్ట పట్టుకున్నడు. "అరే క్యా బోల్రీ రే! భైంస్ కో ఆప్ బోల్రీ!" అని, బర్రెను పట్టుకొని 'మీరు' అన్నదని పోయేటోళ్లను వచ్చేటోళ్లను ఆపి ఆపి చెప్పిండు. నవ్వులు నవ్వుకుంటనే ఉన్నం, గంతల్నే బర్రె లేచింది. మా బాపు కర్ర వట్టుకుంటెనే లేవని మొండి బర్రె, లేచి పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆ పిల్ల "థాంక్సండీ" అని దానికి చెప్పి నల్లా కాడికి పోయింది.

కని పాపం, గా పొద్దుకెల్లి అది నోరు తెరిస్తె చాలు నవ్వుడే. "ఎక్కడికండీ?" అంటె నవ్వుడు, "గుడ్లున్నాయాండీ?" అంటె నవ్వుడు. అది గూడ మా మాటలు సమజ్ గాక బిత్తర చూపులు చూసేది. కొన్ని దినాలకు మాట్లాడుడే బంద్ చేసింది. చాచా షాపుకు పోతె ఇటుక ముక్క తీసుకొని షాపు ముందటి బండ మీద బొమ్మ గీసేది. గుడ్డు కావాల్నంటె గుడ్డు. ఉప్పు కావాల్నంటె ఉప్పు తిని మూతి వంకర్లు తిప్పుతున్న మనిషి. చాచాకు గది మస్తు పసంద్ అయింది. కావాల్నని తప్పు సామాను ఇచ్చేటోడు. గుడ్డు గీస్తె కొబ్బరికాయ ఇచ్చేటోడు. అది తల అడ్డం తిప్పి, గుడ్డు పక్కన కోడిని గీసేది, ఇంకా ఇయ్యకపోతె కోడి గుడ్డు పెడుతుంటె ఎంత కష్టపడ్తదో గీసేది. బండ సుట్టు జనం జమయేటోళ్లు.

నాకు దానికి దోస్తాన్ కొట్టంల కుదిరింది. మా కొట్టానికి ఇనుప సలాకల కిటికీ ఉండె, నిలువు సలాకలు, అడ్డ సలాకలు. ఆ పిల్ల గడ్డి మోపు మీద ఎక్కి కూసోని, ఒక కన్ను మూసి, ఆ గడులల్లకెల్లి గల్లీని చూసేది. నాతోని మాత్రం మస్తు మాట్లాడేది. "ఇటు రావే. చూడు, ఈ గడిలో పొట్ట. ఆ పై గడిలో మీసం. రెండూ చాచావే! పొట్ట ఇంకా ఇంట్లోనే ఉంది, మీసం మాత్రం బజారుకెళ్లిపోయింది." నాకు గప్పటిదాక చాచా మొత్తం ఒక్క మనిషే. దాని పక్కన కూసున్నంక ముక్కలు ముక్కలుగ కనవడుడు షురువైంది. నవ్వు ఆగక గడ్డి మోపు మీదికెల్లి జారి పడ్డ.

బొగ్గు ముక్కతోని కొట్టం గోడ మీద వరుసగ గడులు గీసేది. గడికొక బొమ్మ. గీసేటప్పుడు నాలిక కొస బయటికి వచ్చేది. మధ్యల బర్రె తోక ఊపితె "కదలకండీ, ఒక్క నిమిషం" అని బతిమాలేది. రాజు, రాణి, బస్సు, కల్లు దుకాణం, ఏదో ఒక కత నడిచేది. ఆఖరి గడి మాత్రం ఖాళీగ ఇడిచిపెట్టి, బొగ్గు నా చేతుల వెట్టేది.

"ఇది నీ గడి. నువ్వెయ్యి."

"నాకు రాదే తల్లీ!"

"నీకేం వస్తే అదే వెయ్యి."

నాకేమొస్తది? పుట్టినకాడికెల్లి పెండ కలిపి పిడకలు కొట్టిన చేతులు. ఒక గుండ్రం గీసి, అండ్ల ఐదు వేళ్ల గుర్తులు పెట్టిన. పిడక! రాజు రాణి లడాయి వెట్టుకున్న కతకు ఆఖర్ల పిడక. అది కన్ను మూసి అటు జూసి ఇటు జూసి, "అబ్బా! రాణి కోపంతో చేసిన గారె! రాజుగారు ఇది తినాలి ఇప్పుడు" అనేది. ఇంకో దినం అదే పిడక చందమామ అయ్యేది. ఇంకోనాడు బస్సు ఊడిపోయిన చక్రం. నేను ఏది గీసినా పిడకనే, అది ఏ కతకైనా అతికిచ్చేది. నేను గీసింది తప్పు అని ఒక్కనాడు అనలే.

మాకు దీపావళి అయినంక సదర్ వస్తది. పాలోళ్ల పండుగ. దున్నపోతులకు తానం చేపిచ్చి, ఒళ్లు గొరిగిచ్చి, నూనె రాసి రాసి అద్దం లెక్క మెరిపిస్తరు. కొమ్ములకు రంగులు, మెడల గవ్వల దండలు, కాళ్లకు గజ్జెలు కట్టి, డప్పులతోని ఊరేగిస్తరు. ముందటి కాళ్లు లేపి నిలవెట్టి ఆడిపిస్తరు. ఎవరి దున్న మెరిస్తె వాళ్ల మీసం పైకి. మా బాపుకు ఏడాదంత గదే ఫికర్.

ఆ ఏడు బాపు ముచ్చటపడి, "కొమ్ములకు రంగు నువ్వు ఎయ్యి బిడ్డా, నీ చెయ్యి మంచిగుంటది" అని పైనింటి పిల్లకు చెప్పిండు. చెప్పి నూనె తేవడానికి గానుగ కాడికి పోయిండు.

కొమ్ములు ఎంతసేపు? తొందరగనే అయిపోయినయి. కొమ్ముల కింద గంత పెద్ద నల్లటి ఒళ్లు ఉంది, పక్కన సున్నం బకెటు ఉంది. ఆ పిల్ల దిక్కు నేను జూసిన. నా దిక్కు అది జూసింది. "గేదెగారి అబ్బాయిగారూ, ఏమీ అనుకోకండి" అని దున్నకు దండం వెట్టి, సున్నంల కుంచె ముంచింది.

ఎడమ మెడ కాడ మొదలువెట్టింది. ఒక బర్రె కాకినాడల బస్సు ఎక్కింది. పక్క గడిల కండక్టరు సీటు కింద దూరి, దాని నాలుగు కాళ్లకు నాలుగు టికెట్లు తీసుకోమన్నడు. పొట్ట మీద పెద్ద గడి, బర్రె అఫ్జల్‌గంజ్‌ల దిగి రిక్షావాని తోని బేరం చేస్తున్నది. తోక దాటి కుడి దిక్కు పోతె, బర్రె చార్మినార్ పైకెక్కింది, దించడానికి పోలీసులు నిచ్చెన తెచ్చిండ్రు. ఆఖరి గడి కుడి భుజం మీద. ఖాళీ. "ఇది నీ గడి" అన్నది.

నేను కుంచె తీసుకోలే. చెయ్యి మొత్తం సున్నంల ముంచి టప్పుమని కొట్టిన. సల్లగ తగిలేసరికి దున్న ఎగిరి బకెటును తన్నింది. గప్పుడే బాపు నూనె డబ్బాతోని తలుపు కాడ నిలబడ్డడు.

బాపు డబ్బా దించిండు. తలపాగ తీసిండు. మళ్ల పెట్టుకున్నడు. "నా దున్నను బడి గోడ చేసిండ్రా! నా ఇజ్జత్ తీసిండ్రు గదనే!" అని లొల్లి వెట్టిండు. పైనింటి పిల్ల నా ఎనక దాక్కున్నది, నేను దున్న ఎనక దాక్కున్న. కడుగుదామంటె టైం లేదు, డప్పులోళ్లు గుమ్మం ముందటికి వచ్చేసిండ్రు. బాపు తల దించుకొని, నూనె లేని దున్నను బయటికి తీసిండు.

ఇగ గల్లీల జరిగిన తమాషా ఏం చెప్పాలె! ముందుగాల పోరగాండ్లు ఉరికొచ్చిండ్రు, ఎనక పెద్దోళ్లు వచ్చిండ్రు. ఎడమ దిక్కు చదివినోళ్లు తోక ఎనకకెల్లి కుడి దిక్కు ఉరుకుడు. కుడి దిక్కు ముందు చూసినోళ్లకు కత ఉల్టా అయింది, బర్రె చార్మినార్ దిగి కాకినాడ పోయిందని వాదులాట. "జరుగురా, నేనింక టికెట్ కాడనే ఉన్న!" అని ఒకాయన మొత్తుకుంటున్నడు. డప్పులోళ్లు మా దున్నను లేపబోతె జనం కొట్టనీకి వచ్చిండ్రు. "లేపకుండ్రి భాయ్, చదువుతున్నం!" అన్నరు. పక్కన వేరేటోళ్ల దున్నలు నూనెతోని నిగనిగ మెరుస్తున్నయి, రెండు కాళ్ల మీద ఆడుతున్నయి, చూసేటోడు లేడు.

"ఈ ఆఖరి చెయ్యి ఎవలదే?" అని ఎవరో అడిగిండ్రు. బాపు మీసం దువ్విండు. "మా బిడ్డది" అన్నడు. నాకు గాల్ల తేలినట్టయింది. ఇప్పటికి గూడ తలుసుకుంటె అట్లనే అయితది.

తర్వాత ఏడు వాళ్లు ఎల్లిపోయిండ్రు. తల్లికి మస్కట్‌ల నౌకరి వచ్చింది. ఆడికెల్లి జర్మనీ పోయిండ్రని తర్వాతెప్పుడో విన్నం. వాళ్లు పోయే దినం పొద్దుగాల బాపు నన్ను దాణా బస్తాల కోసం అఫ్జల్‌గంజ్ తోల్కపోయిండు. వచ్చేసరికి పైన తాళం. కొట్టంలకు ఉరికిన. గోడ మీద కొత్తగ గడులు ఉన్నయి. ఆటో, సామాన్లు, మెట్ల కింద బర్రె, బర్రెకు దండం వెడుతున్న రెండు జడల పిల్ల. ఆఖర్ల ఒకటి ఖాళీ.

బొగ్గు కోసం పొయ్యి కాడికి పోయిన. వచ్చి చూస్తె మా అమ్మ ఎనక దర్వాజకెల్లి తట్టెడు పెండతోని వచ్చి, గోడ పొడుగు పిడకలు కొడుతున్నది. ఆటో పోయింది, సామాన్లు పోయినయి, పిల్ల పోయింది, నా గడి మీద ఒక పిడక పడ్డది.

"అమ్మా! గది నా గడే!"

"ఏం గడే? గోడ ఖాళీగుంది, కొట్టిన" అన్నది.

గా దినం నేను అన్నం తినలే. పిడకలు ఎండినంక అమ్మ జాలిపడి ఒక్కొక్కటి గోడ మీదికెల్లి తీసి తిప్పి చూపిచ్చింది. బొగ్గు గీతలు పిడకల ఎనకకు అంటుకున్నయి. ఒకదాని మీద కొమ్ము, ఒకదాని మీద జడ. నా గడి మీది పిడక ఎనక ఏం లేదు. అన్ని పొయ్యిల కాలినయి. నేను నింపాల్సిన గడి నేను నింపలేదన్న దుక్కం నాకు గప్పటికెల్లి అట్లనే ఉండిపోయింది.

ఇగ పుస్తకం సంగతి. సాయంత్రం మా బిడ్డ అరుగు మీద కూసోని బొమ్మలు చూపెట్టుకుంట చదివింది. గల్లీ మొత్తం జమైంది. చాచా ఇప్పుడు కట్టె వట్టుకొని నడుస్తడు. ఆయన పొట్ట ఒక గడిల, మీసం పై గడిల వచ్చినయి. "దేఖో! మేరే కో దో దో ఖానే!" అని, నాకు రెండు రెండు గడులని గల్లీల అందరికి చూపెట్టిండు. బొమ్మలల్ల అమ్మ తట్ట వట్టుకొని ఉంది. బాపు నూనె డబ్బా వట్టుకొని, నోరు తెరిచి ఉన్నడు. బాపు పోయినంక ఆయనవి రెండే ఫొటోలు మా ఇంట్ల, రెండిట్ల బిగుసుకొని ఉంటడు. పుస్తకంల మాత్రం నిజం బాపు. అమ్మ కాయితం మీద తలపాగను వేలితోని సవరిచ్చింది.

తర్వాత చలి దేశం వచ్చింది. చూసి చూసి నవ్వినం. అక్కడి మనుషులందరికి బర్రె కండ్లు వెట్టింది. వీసా ఆఫీసు అచ్చం మా కొట్టమే. ఒక్కొక్కరిని ఒక్కొక్క గుంజకు కట్టేసిండ్రు, ఆఫీసరు దాణా ఏసినట్టు కాయితాలు ఏస్తున్నడు. ట్రాము రెండు కొమ్ములు ఏసుకొని వస్తది, కొమ్ములకు సదర్ రంగులు. ఆ ట్రాముల జనం నడుమ రెండు జడల పిల్ల ఇరుక్కొని, భాష రాక, "కాస్త జరగండి" అంటున్నది. ఎవ్వరు జరుగుత లేరు. ఆ గడి కాడ మాత్రం మేమెవ్వరం నవ్వలే.

అంత అయినంక నేను అడిగిన. "నేనేది?"

మా బిడ్డ ముందుకు తిప్పింది, ఎనకకు తిప్పింది. చాచా ఉన్నడు, అమ్మ ఉంది, కుక్క ఉంది, చాచా షాపు తరాజు గూడ ఉంది. నేను లేను. "దున్న ఎనక దాక్కున్నవేమో చూడవమ్మా" అని ఎవరో నవ్విండ్రు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, కోపం గూడ వచ్చింది. ఒక్క గడ్డి మోపు మీద కూసున్నం గదా! పిడకలు గీసి గీసి దాని కతలన్ని ముగిచ్చింది నేను గదా! తరాజు యాదికున్నది, నేను యాదికి లేనా?

ఆఖరి పేజీ తెరిచి ఉంది. ఎడమ గడిల కిటికీ కాడ ఆ పిల్ల ఒక్కతే కూసున్నది. కుడి గడి ఉత్త తెలుపు.

"ఇది ప్రింటు గూడ సక్కగ పడలే" అన్న.

"కాదమ్మా, ముందుమాటల రాసిండ్రు. వలసపోయినోళ్ల లోపలి శూన్యం అట అది."

"ఏం శూన్యం? మిషిన్ల సిరా అయిపోయింది."

తెల్లారి పుస్తకం తీసుకొని నేనే అబిడ్స్ దిక్కు షాపుకు పోయిన. "పాలల్ల సుక్క నీళ్లు కలిస్తె మమ్ముల నానా మాటలంటరు, మీరు ఉత్త గడులు అమ్ముతరా?" అని నిలదీసిన. షాపాయన పాపం ఇంకో పుస్తకం తెరిచిండు. ఖాళీ. ఇంకోటి తెరిచిండు. ఖాళీ. "ఆంటీ, ఆమె పుస్తకాలు అన్నీ ఇట్లనే అయితయట. ఆఖరి గడి ఎప్పుడు ఇడిచిపెడ్తదట" అన్నడు. నాకు ఇంక మండింది. బస్సు ఎక్కి వాపస్ వచ్చిన.

ఇంట్ల అమ్మ పుస్తకం తీసుకొని కండ్ల కాడ వెట్టుకొని చూసింది. ఆ తెల్ల గడి మీద అరచెయ్యి ఆనిచ్చి కొలిచింది.

"ఇంత మంచి జాగ ఊకె ఇడిసింది. ఒక పిడక పడుతది గదనే" అన్నది.

నేను ఉన్నకాడనే కింద కూలవడ్డ. కొట్టం, బొగ్గు, నాలిక కొస, అన్ని ఒక్కసారే మీదికి వచ్చినయి. ఇది నీ గడి. నువ్వెయ్యి. అందరిని అది గీసింది. నన్ను మాత్రం గీయలే, నా జాగ నాకు ఇడిచిపెట్టింది. ఎన్ని పుస్తకాలు రాసిందో, ఎన్ని దేశాలల్ల అమ్మిందో, అన్నిట్ల నా గడి అట్లనే ఉంచి నా కోసం చూసింది. నేను నవ్వుతున్ననో ఏడుస్తున్ననో మా బిడ్డకు సమజ్ గాలే. "అమ్మా, ఏమైంది? నీళ్లు తేవాల్నా?" అంటున్నది.

"సున్నం తే" అన్న. తెల్ల కాయితం మీద సున్నం ఏం కనవడ్తది? లేచి కొట్టంలకు పోయిన. పెద్ద బర్రె కాడ పెండ తాజాగ ఉంది. మా బిడ్డ "అమ్మా, పుస్తకం! అమ్మా, పుస్తకం!" అని మొత్తుకుంటనే ఉంది, నేను కుడి చెయ్యి మొత్తం ముంచి టప్పుమని కొట్టిన.

గడి చిన్నది. నా చెయ్యి అప్పటి చెయ్యి గాదు. వేళ్లు గీతలు దాటినయి. బొటనవేలు పక్క గడిలకు పోయి, కిటికీ కాడ ఒక్కతే కూసున్న పిల్ల భుజం మీద పడ్డది. చూసి అమ్మ "మంచిగ కొట్టినవ్" అన్నది.

మా బిడ్డ ముక్కు మూసుకొని ఫొటో తీసి, పుస్తకం అచ్చేసినోళ్లకు పంపింది. కొన్ని దినాలకు పైనింటి పిల్ల దగ్గరికెల్లి జవాబు వచ్చింది. ఒక్క బొమ్మ. కొమ్ముల ట్రాముల, జనం నడుమ నెరిసిన జుట్టు మనిషి కూసున్నది, ఒక కన్ను మూసి. భుజం మీద గోధుమ రంగు బొటనవేలు గుర్తు. కింద తెలుగుల రాసింది:

"మీ వేలు నా గడిలోకి వచ్చేసింది. కాస్త జరగండి, గేదెగారూ."

జరుగుతనా? జరగ.